రెండు గ్రానైటు నేలల ద్రాక్ష: మస్కాదె, అనాబ్-ఎ-షాహి

శేరిలింగంపల్లి మండలంలో భవనానికి పునాది తవ్వితే పైన ఎర్ర ఇసుకనేల, కొద్ది లోతులోనే గ్రానైటు రాయి కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి రంగారెడ్డి జిల్లా పేరు చెబితే ఉద్యానశాస్త్ర విద్యార్థికి స్ఫురించేది ద్రాక్షపందిరే. హైదరాబాదు పరిసరాలకు ఆ పేరు తెచ్చిన రకం అనాబ్-ఎ-షాహి. పందొమ్మిదో శతాబ్ది చివర అబ్దుల్ బాకర్ ఖాన్ దీనిని హైదరాబాదుకు తెచ్చినట్లు ఉద్యాన గ్రంథాలు పేర్కొంటాయి.

ఇలాంటి గ్రానైటు నేలల మీదనే ఫ్రాన్సులో నాంత్ నగరం చుట్టూ మస్కాదె అనే తెల్ల వైన్ తయారవుతుంది. ఇది 'డ్రై' వైన్. అంటే ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు దాదాపు పూర్తిగా ఆల్కహాలుగా మార్చివేస్తుంది. దీనికి ఆధారమైన రకం మెలోన్ ద బుర్గోన్. 1709 నాటి భీకరమైన చలికి లువార్ నదీముఖ ప్రాంతపు తోటలు చచ్చిపోగా, మంచుకు తట్టుకొనే ఈ రకం అక్కడ స్థిరపడింది. బట్టీ పట్టడానికి తెల్ల వైన్ కోరిన డచ్చి వర్తకులు దాని వ్యాప్తికి మరో కారణం.

ఆ ప్రాంతంలో మార్క్ ఒలివియే పేరుతో ప్రసిద్ధికెక్కిన డొమైన్ ద లా పెపియేర్ ఒక ద్రాక్ష క్షేత్రం. చుట్టుపక్కల అధికభాగం యంత్రాలతో కోస్తుండగా అక్కడ గుత్తులను చేతితోనే కోస్తారు. పులియబెట్టడానికి కొన్న ఈస్టు వాడరు. ద్రాక్షతో పాటు వచ్చేదే చాలునంటారు. పులిసిన వైన్‌ను వెంటనే వడకట్టకుండా, అడుగున పేరుకున్న ఈస్టు మడ్డి మీదనే నెలల తరబడి ఉంచడం ప్రాంతీయ ఆచారం. చనిపోయిన ఈస్టు కణాలు విచ్ఛిన్నమై విడుదల చేసే పదార్థాలు వైన్‌కు నిండుతనాన్నిస్తాయి. మడ్డి ప్రాణవాయువును గ్రహించి రంగు చెడకుండా కాపాడుతుంది. గ్రానైటు నేలలకు చెందిన క్లిసోన్ తరగతికి 2011లో ప్రత్యేక గుర్తింపు లభించింది. దానికి ఈ నిలువ కాలం రెండేళ్లకు తగ్గదు.

నేల ఒకటే అయినప్పుడు అనాబ్-ఎ-షాహితో అటువంటి వైన్ ఎందుకు రాలేదు? విస్తరణ శాస్త్రవేత్తలను రైతులు తరచూ అడిగే ఈ ప్రశ్నకు జవాబు నేలలో కాక, దిగుబడిలోను ఉష్ణోగ్రతలోను ఉంది. మస్కాదెలో హెక్టారుకు సుమారు 55 హెక్టోలీటర్లకు మించి తీయరాదన్న నియమం ఉంది; అది ఏడు టన్నుల కాయకు సమానం. అనాబ్-ఎ-షాహి సగటు దిగుబడి 35 టన్నులు. గుత్తుల బరువు ఇంతగా పెరిగితే చక్కెర పలచబడక తప్పదు. దాని రసంలో కరిగే ఘనపదార్థాలు 14 నుండి 16 డిగ్రీల బ్రిక్స్. లీటరులో 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాలునిస్తుందని లెక్క వేస్తే వచ్చేది ఎనిమిది, తొమ్మిది శాతమే. పైగా ఇక్కడ తీగకు శీతనిద్ర లేదు. వేసవిలో ఒకసారి, అక్టోబరులో మరోసారి కత్తిరించి పంటను ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోస్తారు. ఎండ ముదిరే ఆ రోజుల్లో కాయలోని మాలిక్ ఆమ్లం శ్వాసక్రియలో ఖర్చయిపోతుంది. ఆమ్లం లేని డ్రై వైన్ చప్పగా ఉంటుంది. ఇది రకం దోషం కాదు. పెద్ద కాయ, నిండు గుత్తి, బల్ల మీది పండుగా అమ్మకం అనే లక్ష్యాలకు అది చక్కగా సరిపోయింది.

పందిళ్ళు తరిగిపోవడానికి కారణాలు వేరు. బూజు తెగులుకు ఈ రకం సులభంగా లోనవుతుంది. పూత సమయంలో అకాల వర్షం పడితే మందుల ఖర్చు అమాంతం పెరిగేది. గింజలేని థాంప్సన్ రకం సంతలో విత్తనపు ద్రాక్షను పక్కకు నెట్టింది. బోర్లు లోతుకు పోయాయి. చివరకు నగరం వచ్చింది. ఎకరం ధర ముందు ఏ పంట దిగుబడి లెక్కా నిలవలేదు. ఈ మార్పును రైతు అజ్ఞానంగా చిత్రించే ధోరణి తరగతి గదుల్లో కనిపిస్తుంది, అది సరికాదు. ఆ కుటుంబాలు అమ్ముకున్నది భూమినే అయినా, దానితో పాటు కత్తిరింపు నేర్పు కూడా చేతులు మారకుండా ఆగిపోయింది. ఏ కొమ్మ మీద ఎన్ని కన్నులు ఉంచాలో కంటితో నిర్ణయించే పనివారు ఇతర పనుల్లోకి వెళ్ళిపోయారు. నాంత్ క్షేత్రంలో అదే నేర్పు యజమాని నుండి భాగస్వామికి అందుతూ వచ్చింది.

అనాబ్-ఎ-షాహి పూర్తిగా పోలేదు. దాని నుండి ఎంపిక చేసిన దిల్‌ఖుష్ నేటికీ కర్ణాటక తోటల్లో పందిరెక్కుతోంది.