కంప్యూటర్ సీటు ఏజెన్సీకి పోతే రోస్టర్ ఏమవుతుంది?

ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదట ప్రారంభించింది అనంతపురం జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టారు. మస్టర్లు, కొలతలు, చెల్లింపులు కంప్యూటర్‌కెక్కించడంలో రాష్ట్రానికి మంచి పేరే వచ్చింది. సాఫ్ట్‌వేర్ టీసీఎస్ చేసింది. మండలంలో కూర్చుని ఎంట్రీలు కొట్టిన ఆపరేటర్లు మాత్రం రెగ్యులర్ ఉద్యోగులు కారు.

సాఫ్ట్‌వేర్ తయారీని కంపెనీకి ఇవ్వడంపై మాకు పేచీ లేదు. ఏటా, రోజూ ఉండే ఎంట్రీ పనిని బయటికి ఇవ్వడం మీదే మా అభ్యంతరం. కరువు ఆగదు, మస్టరూ ఆగదు. ఆ పని తాత్కాలికం ఎలా అవుతుంది?

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఒకటేనని చాలామంది విద్యార్థులు అనుకుంటున్నారు. కాదు. కాంట్రాక్టులో శాఖే మీతో ఒప్పందం రాసుకుంటుంది. ఔట్‌సోర్సింగ్‌లో శాఖ ఏజెన్సీ దగ్గర 'సేవ' కొంటుంది. మీరు ఏజెన్సీ మనిషి. రాజ్యాంగం 16(4) అధికరణ రిజర్వేషన్ ఇచ్చేది ప్రభుత్వ పోస్టులకు. పోస్టే లేకుండా సేవ కొంటే ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం లెక్కగట్టే రోస్టర్ పాయింటు ఎక్కడ పెడతారు? ఎవరూ రిజర్వేషన్ రద్దు చేయరు, అది వర్తించే చోటే తగ్గిపోతుంది.

కోర్టులోనూ ఈ తేడా కనిపిస్తుంది. తాత్కాలిక ఉద్యోగులకు సమాన పనికి సమాన వేతనం అని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెన్సీ కింద పనిచేసేవాళ్లు ముందు తమ యజమాని ఎవరో తేల్చుకోవాలి. కాంట్రాక్టు కార్మికులను ఆటోమేటిక్‌గా విలీనం చేయనక్కర్లేదని 2001లో స్టీల్ అథారిటీ కేసులో అదే కోర్టు అంది.

మన రాష్ట్రంలోనే రెండు దారులూ ఉన్నాయి. 2019లో గ్రామ సచివాలయాలకు డిజిటల్ అసిస్టెంట్లను రాతపరీక్షతో, రోస్టర్ ప్రకారం తీసుకున్నారు. ప్రొబేషన్‌లో నెలకు 15,000 రూపాయలే ఇచ్చినా 2022లో పేస్కేలు వచ్చింది. 2020 జూలైలో మొదలైన ఆప్కాస్ రెండో దారి. ఏజెన్సీ దళారులను తప్పించి జీతం నేరుగా ఖాతాలో వేస్తామని, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 50 శాతం అవకాశాలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఏజెన్సీల కమిషన్లు భరించినవాళ్లకు ఇది చిన్న ఊరట కాదు. అయినా పోస్టు రాలేదు, పదోన్నతి రాలేదు.

ఇంటి పరిస్థితి చూసుకుని ఔట్‌సోర్సింగ్‌లో చేరేవాళ్లను మేము తప్పుపట్టం. చేరేముందు ఉత్తర్వుపై ఎవరి సంతకం ఉందో, పీఎఫ్, ఈఎస్ఐ ఎవరి పేరుతో కడతారో అడగండి. కార్యకర్తలు ఒక్కో శాఖకు ఆర్టీఐ పెట్టాలి: మంజూరైన కంప్యూటర్ పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఆ ఖాళీల్లో ఔట్‌సోర్సింగ్‌పై పనిచేస్తున్నవాళ్లెందరు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలెందరు? రోస్టర్ రిజిస్టర్ నకలు కూడా అదే దరఖాస్తులో అడగాలి.