పాత టిల్లర్ విలువ గేర్‌బాక్స్‌లోనే

పెరటి నేలను గుల్లపరిచే యంత్రాల్లో, అమెరికాలో దశాబ్దాలు గడిచినా చేతులు మారుతూ ఆదరణ కోల్పోనిది ట్రాయ్-బిల్ట్ వారి 'హార్స్' అనే వెనుక బ్లేడ్ల టిల్లర్. తిరిగే బ్లేడ్లతో నేలను తవ్వే పద్ధతిని 20వ శతాబ్ది తొలినాళ్ళలో స్విట్జర్లాండ్‌కు చెందిన కాన్‌రాడ్ వాన్ మేయెన్‌బర్గ్ రూపొందించగా, అది జర్మనీ మీదుగా అమెరికా చేరి, 1937లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ నగరంలో నిలదొక్కుకున్నది. ఆ నగరం పేరే తరువాత యంత్రానికి స్థిరపడింది. దీనిని ఇంటింటి తోటమాలికి చేర్చిన గార్డెన్ వే సంస్థ 2001లో దివాలా తీయగా, ట్రాయ్-బిల్ట్ పేరు ఎంటీడీ సంస్థకు దక్కింది. పాత టిల్లర్ల మర్మం తెలిసినవారు అంతకు ముందటి యంత్రాల కోసమే వెదకడానికి కారణం వాటి నిర్మాణంలో ఉన్నది.

బ్లేడ్లు ముందు ఉండే టిల్లర్‌లో ఆ బ్లేడ్లే యంత్రాన్ని ముందుకు లాగుతాయి కాబట్టి, గట్టి నేల తగిలినప్పుడు అది ఎగిరెగిరి పడుతూ మనిషి భుజాలను అలసట పాలు చేస్తుంది. వెనుక బ్లేడ్ల యంత్రంలో ఇంజిన్ చక్రాలను కూడా నెమ్మదిగా తిప్పుతుంది. ముందుకు దూకబోయే బ్లేడ్లను ఆ చక్రాలు నిలువరించడం వల్ల నేల లోతుగా, సమంగా తెగుతుంది. ఇంజిన్ నుండి బెల్టు ద్వారా వచ్చిన శక్తి పోత ఇనుప పెట్టెలోని పొడవాటి ఇరుసుకు చేరుతుంది. ఆ ఇరుసుపై స్క్రూ మర వలె చెక్కిన వర్మ్ గేర్ కంచు పళ్ళచక్రాన్ని తిప్పి, వేగాన్ని బాగా తగ్గించి బలాన్ని పెంచుతుంది.

కనుక కొనుగోలుదారు మొదట పరీక్షించవలసింది ఈ పెట్టెనే. ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, చక్రాలను ముందుకూ వెనుకకూ కదిపినప్పుడు వదులు మరీ ఎక్కువగా ఉంటే గేర్లు అరిగినట్లే భావించాలి. కొద్దిగా ఆయిల్ తీయించి చూస్తే, పాలలా తెల్లబారిన ఆయిల్ నీరు చేరిన సంగతినీ, బంగారు వన్నె రేణువులు కంచు అరుగుదలనూ తెలియజేస్తాయి. బ్లేడ్ల ఇరుసు వద్ద జిడ్డు కారుతుంటే సీల్ మార్చవలసి ఉంటుంది. అది చిన్న పనే గాని, ఆయిల్ తరిగినా పట్టించుకోకుండా నడిపిన యంత్రం మాత్రం కొనదగినది కాదు. పాత యజమాని ఏ ఆయిల్ పోశాడో అడగడం కూడా అవసరం, ఎందుకంటే జీఎల్-5 రకం గేర్ ఆయిల్‌లో అధికంగా ఉండే గంధక సమ్మేళనాలు కంచును తినివేసే ప్రమాదం ఉన్నందువల్ల ఇటువంటి గేర్లకు జీఎల్-4 రకమే శ్రేయస్కరం.

ఇంజిన్ విషయంలో అంత భయం అక్కరలేదు. వీటిలో కొన్నింటికి ఇంజిన్లు చేసిన టెకుమ్సే సంస్థ 2008లో ఇంజిన్ల తయారీ నిలిపివేసినందున ఆ రకానికి విడిభాగాల వెదుకులాట తప్పదు గాని, దాని స్థానంలో కొత్త ఇంజిన్ బిగించడం అమెరికాలో మామూలు పనే. అందువల్ల ఇంజిన్ కదలకపోయినా గేర్‌బాక్స్ గట్టిగా ఉన్న యంత్రం, చక్కగా స్టార్ట్ అయినా గేర్లు అరిగిన యంత్రం కంటే మేలైనది. బ్లేడ్లూ, బెల్టూ అరిగిపోయేవే కాబట్టి వాటిని ధర తగ్గించమని అడగడానికి ఆధారంగా వాడుకోవచ్చు.

20 అంగుళాల వెడల్పున దున్నే 'హార్స్' బరువైన యంత్రం; గోంగూర, బెండ నాలుగు మడులు వేసుకునే అక్కడి తెలుగు కుటుంబానికి ట్రాయ్-బిల్ట్ వారిదే అయిన 16 అంగుళాల 'పోనీ' చాలు. బాగా పాత యంత్రాల్లో చేయి వదలగానే బ్లేడ్లు ఆగిపోయే రక్షణ ఏర్పాటు ఉండకపోవచ్చు కాబట్టి, కొన్నవారు వెనక్కి నడిపే ముందు బ్లేడ్లను తప్పక ఆపాలి, పిల్లలను దరిదాపులకు రానీయకూడదు.