అదే కన్ను, మళ్లీ మళ్లీ

1953 ప్రాంతంలో లండన్‌లో నార్మన్ ఆష్టన్ పిల్లికూనల రక్తనాళాల్లోకి నల్ల సిరా ఎక్కించి, వాటి రెటీనాలను పరిచి చూశాడు. మామూలు గాలిలో పెరిగిన కూనల్లో సిరా సన్నని వలలా పరుచుకుంది. కొద్ది రోజులు గాఢమైన ఆక్సిజన్‌లో ఉంచిన కూనల్లో ఆ వల లేదు. నాళాలు మూసుకుపోవడంతో సిరాకు దారి దొరకలేదు. వాటిని మళ్లీ మామూలు గాలిలోకి తెచ్చాక కొత్త నాళాలు మొలిచాయి గానీ, గుబురుగా, అడ్డదిడ్డంగా, ఉండకూడని చోటికి పాకాయి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు అప్పట్లో సరిగ్గా ఇదే జరుగుతోంది. వాళ్లను బతికించిన ఇంక్యుబేటర్లే చూపు తీసుకుంటున్నాయి. 1940, 50లలో ప్రపంచమంతటా సుమారు 10,000 మంది శిశువులు అలా అంధులయ్యారు. ఆక్సిజనే కారణమై ఉంటుందని 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ అనుమానించింది. నష్టం ఎలా జరుగుతుందో ఆష్టన్ సిరా కళ్లకు కట్టింది. ఆ బిడ్డలకు లాగే పుట్టేనాటికి పిల్లికూనకు కూడా రెటీనా నాళాలు పూర్తిగా అల్లుకుని ఉండవు. అందుకే దాన్ని ఎంచుకున్నారు.

అయితే సిరా చూపేది ఒక్క క్షణాన్నే. ఆ కూన ప్రాణం అక్కడితో సరి. మర్నాడు ఆ కంట్లో ఏం జరిగేదో ఇక ఎవరికీ తెలియదు.

బతికున్న కంటిని చూడటానికి ఒక రంగు దారి చూపింది. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన ఫ్లోరెసిన్‌ను 1882లోనే పాల్ ఎర్లిష్ కుందేళ్లకు ఎక్కించి, కంటి ముందు గదిలోకి అది ఎలా చేరుతుందో గమనించాడు. దాన్ని రెటీనా కెమెరాతో జోడించింది ఇండియానా యూనివర్సిటీలోని ఇద్దరు కుర్రాళ్లు, హెరాల్డ్ నొవొట్నీ, డేవిడ్ ఆల్విస్. నీలి వెలుతురు పడితే ఫ్లోరెసిన్ ఆకుపచ్చగా మెరుస్తుంది. ఫ్లాష్ ముందు నీలి ఫిల్టర్, ఫిల్మ్ ముందు ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టారు. మొదటి సూది ఎవరికని బొమ్మా బొరుసూ వేస్తే ఆల్విస్ వంతు వచ్చింది. ఒక కంటి వైద్య పత్రిక తిప్పిపంపిన ఆ వ్యాసం 1961లో గుండె, రక్తప్రసరణల పత్రికలో అచ్చయింది. నాళం గోడ దెబ్బతింటే రంగు బయటికి కారి మరకలా వ్యాపిస్తుంది. ఆ కారడాన్ని చూడటానికి వైద్యులు నేటికీ ఈ పద్ధతినే నమ్ముకుంటారు.

పిల్లికూన స్థానంలోకి తర్వాత చిట్టెలుక వచ్చింది. 1994లో అమెరికాలో లోయిస్ స్మిత్ బృందం ఒక పద్ధతిని స్థిరపరిచింది: పుట్టిన ఏడో రోజు నుంచి పన్నెండో రోజు దాకా ఎలుక పిల్లలను 75 శాతం ఆక్సిజన్‌లో ఉంచి, ఆపై మామూలు గాలికి తేవాలి. పదిహేడో రోజుకు పిచ్చి నాళాలు బాగా ముదురుతాయి. వాటిని ఉసిగొల్పే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే అవి తగ్గుతాయని 1995లో తేలింది ఇలాంటి ఎలుకల్లోనే. అదే ప్రోటీన్‌ను అడ్డుకునే అఫ్లిబర్‌సెప్ట్ అనే మందును నెలలు నిండకుండా పుట్టిన శిశువుల చికిత్సకు 2023లో అమెరికా అనుమతించింది. హైదరాబాద్‌లో 1990ల చివరి నుంచి కంటి వైద్యులు నవజాత శిశువుల వార్డులకే వెళ్లి పరీక్షిస్తున్న జబ్బు ఇదే.

1991లో ఎంఐటీలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో బృందం ప్రకటించిన ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) అనే కాంతి స్కాన్ తర్వాతి కాలంలో రంగు అవసరాన్ని చాలావరకు తప్పించింది. అది ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ చేస్తుంది. కదలని కణజాలం ప్రతిసారీ ఒకేలా కనిపిస్తుంది, రక్తకణాలు పారే చోట బొమ్మ మారుతూ పోతుంది. ఆ తేడాలన్నీ కూడితే నాళాల పటం. సూది లేదు, ప్రాణం తీయనక్కర్లేదు. ఈ వారం చూసిన ఎలుకనే వచ్చే వారమూ చూడవచ్చు. బొమ్మ ఎంత పదునుగా వచ్చిందన్న దానికంటే ఇదే పెద్ద లాభం. ఒక్కో రోజుకు ఒక్కో జీవిని బలిపెట్టే అవసరం తగ్గింది, ఎలుకకూ ఎలుకకూ ఉండే తేడాలు లెక్కను చెడగొట్టడమూ తగ్గింది.

పని మాత్రం సున్నితమైనది. ఎలుక కన్ను మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన. మత్తులో అది రెప్ప వేయదు. జెల్ రాయకపోతే కన్ను ఎండి, కటకం శుక్లంలా తెల్లబడుతుంది. ఊపిరి కదలికకే బొమ్మ చెదురుతుంది. పైగా నాళాలు కారడాన్ని, రక్తం మరీ నెమ్మదిగా పారే నాళాలను ఓసీటీ సరిగా పట్టలేదు.

మరో అడ్డు ఎలుక పుట్టుకలోనే ఉంది. దాని రెప్పలు విచ్చుకునేది దాదాపు పద్నాలుగో రోజున. ఆక్సిజన్ నాళాలను మూసేసేది అంతకుముందే. అందుకే ఆ తొలి రోజుల కోసం ప్రయోగశాలలు ఇప్పటికీ రెటీనాను విడదీసి, నాళాలకు రంగు పట్టించి, పూరేకుల్లా నాలుగు వైపులా కోసి గాజు పలక మీద పరుస్తున్నాయి.