సిస్టమ్ పెర్ల్ జోలికి పోకుండా మాడ్యూల్స్ వేసుకోవడం ఎలా?

గుడివాడ దగ్గర మా బాబాయికి రైస్ మిల్లు ఉంది. పోయిన దాళ్వా సీజన్‌లో ఆయన ఉబుంటు ల్యాప్‌టాప్‌లో కాటా లెక్కలన్నీ ఒకచోటికి తెచ్చే చిన్న పెర్ల్ స్క్రిప్ట్ పెట్టాను. దానికి టెక్స్ట్ సీఎస్‌వీ మాడ్యూల్ కావాలి. సుడో పెట్టి సీపాన్ నడిపాను. పనిలో పనిగా పాత మాడ్యూల్స్ అన్నీ అప్‌గ్రేడ్ కొట్టేశాను. మర్నాడు ప్రింటర్ డ్రైవర్ వేయబోతే మధ్యలోనే పెర్ల్ ఎర్రర్! బయట ధాన్యం ట్రాక్టర్లు, లోపల ప్రింట్ కాని బిల్లులు. తప్పు పూర్తిగా నాదే.

ఎందుకిలా అయింది?

ఉబుంటులో పెర్ల్ ఉన్నది మన కోసమే కాదు. ప్యాకేజీ సెట్టింగ్స్ చూసే డెబ్‌కాన్ఫ్, కొత్త యూజర్‌ని చేర్చే యాడ్‌యూజర్ లాంటి టూల్స్ పెర్ల్‌లోనే రాశారు. సుడోతో వేసిన మాడ్యూల్స్‌ని పెర్ల్ ముందు వెతుకుతుంది, సిస్టమ్‌తో వచ్చినవి ఆ తర్వాతే. కాబట్టి మన కొత్త వెర్షన్ ఆ టూల్స్‌కీ తగులుతుంది. మన డెల్టా భాషలో చెప్పాలంటే, ఒక్క చేనుకి నీళ్లు కావాలని బందరు కాలువ గట్టుకే గండి కొట్టడం. మనకి కావాల్సింది సొంత బోదె.

సేఫ్ దారులు మూడు

1. ముందు ఆప్ట్‌లో వెతకండి. చాలా మాడ్యూల్స్ రెడీమేడ్ ప్యాకేజీలుగా ఉంటాయి. ఆ ఉబుంటు వెర్షన్‌కి సరిపడేలా తయారుచేసినవే కాబట్టి వీటికి సుడో వాడినా భయం లేదు.

2. అక్కడ లేకపోతే లోకల్ లిబ్. మాడ్యూల్స్ మీ హోమ్ ఫోల్డర్‌లోని పెర్ల్5 ఫోల్డర్‌లో పడతాయి. సుడో అక్కర్లేదు. వద్దనుకుంటే సెట్టింగ్ తీసేసి, ఫోల్డర్ డిలీట్ చేస్తే చాలు.

3. పెర్ల్ వెర్షనే కొత్తది కావాలంటే పెర్ల్‌బ్రూ. ఇది సోర్స్ నుంచి ఇంకో పెర్ల్‌ని మీ హోమ్‌లోనే కంపైల్ చేస్తుంది. సీ కంపైలర్ ఉండాలి, టైమూ పడుతుంది.

ఒక జాగ్రత్త: రెండు, మూడు కలపకండి. సీ కోడ్ ఉన్న మాడ్యూల్ ఏ పెర్ల్‌తో కంపైల్ అయిందో దానితోనే నడుస్తుంది. పెర్ల్ మారిస్తే మిస్‌మ్యాచ్ ఎర్రర్ వస్తుంది, మాడ్యూల్స్ మళ్లీ వేసుకోవాలి.

బాబాయి ల్యాప్‌టాప్‌లో నేను సుడోతో వేసినవన్నీ పక్కకి తీసి, టెక్స్ట్ సీఎస్‌వీని ఆప్ట్ నుంచి వేశాను. ప్రింటర్ కదిలింది. ఇకమీదట సుడో సీపాన్ అని టైప్ చేస్తుంటే, ఎంటర్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి.