యంత్రములో యంత్రము

ఒక కంప్యూటరులో మఱియొక కంప్యూటరు కాపురముండుట వినుటకు వింతగా నుండును. కాని నేడు లోకమందు ఇట్టి యంత్రములు లెక్కకు మిక్కిలిగా పనిచేయుచున్నవి. కంటికి కనబడు నిజమైన యంత్రము ఒక్కటియే. దానిపై నడచెడి ఒక ప్రోగ్రాము మఱియొక యంత్రమువలె నటించును. అట్లు నటించు ప్రోగ్రామునకు ఎమ్యులేటరు అని పేరు. ఆ నటనవలన ఏర్పడిన యంత్రమును వర్చువల్ మెషీన్ అందురు. ఆశ్రయమిచ్చిన నిజమైన యంత్రము ఆతిథేయి. ఆశ్రయము పొందినది అతిథి.

అతిథి యంత్రము తానొక అతిథినని యెఱుగవలసిన పనిలేదు. తనకొక మెమరీ కలదనియు, అది మొదటినుండి తుదివఱకు తనదేయనియు నమ్మి అది పనిచేయుచుండును. ఆ నమ్మకమునకు భంగము కలుగరాదు. అట్లని ఇరుగుపొరుగు అతిథుల సొత్తు దాని కంటబడనురాదు. ఉన్న మెమరీ ఒక్కటి, కోరువారు పలువురు. ఈ చిక్కును విడదీయు ఉపాయమే యిచట ముఖ్యవిషయము.

కంప్యూటరు మెమరీని వరుసగా పేర్చిన చిన్న గూళ్ళతో పోల్చవచ్చును. ఒక్కొక్క గూటిలో ఒక బైటు, అనగా ఒక ఆంగ్లాక్షరమునకు చాలినంత సమాచారము, ఇముడును. ప్రతి గూటికిని ఒక సంఖ్య యుండును. దానిని చిరునామా యందురు. గూళ్ళను ఒక్కొక్కటిగా పంచి లెక్క వ్రాయుట అసాధ్యము గావున, సాధారణముగా 4,096 గూళ్ళను ఒక కట్టగా జేసి, దానిని పుట యని పిలుతురు. పంపకమంతయు పుటల లెక్కనే జరుగును.

ఈ పుటల పద్ధతికి మొదట దారి చూపినది ఇంగ్లండు దేశము. మాంచెస్టరు విశ్వవిద్యాలయమునందు టామ్ కిల్‌బర్న్ నాయకత్వమున నిర్మింపబడిన అట్లాస్ యంత్రము 1962లో ప్రారంభింపబడెను. దాని వేగవంతమైన మెమరీలో 16,384 పదములకే చోటు కలదు. దానికి తోడు 98,304 పదములు పట్టు నొక తిరుగుడు డ్రమ్ము నుండెను. కాని అది నెమ్మదైనది. ప్రోగ్రాము వ్రాయువారికి ఈ రెండును కలిసి ఒక్కటే పెద్ద మెమరీగా కనబడునట్లు ఏర్పాటు చేసిరి. కోరిన పుట వేగవంతమైన మెమరీలో లేనిచో, యంత్రమే దానిని డ్రమ్మునుండి తెచ్చుకొనెడిది.

పిమ్మట అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున, ఐ.బి.ఎం. సంస్థవారి విజ్ఞానకేంద్రములో, రాబర్ట్ క్రీసీయు ఆయన సహచరులును 1964 చివర ఇంకొక సాహసమునకు పూనుకొనిరి. వారు నిర్మించిన సీపీ-40 అను వ్యవస్థ 1967 జనవరి నాటికి వాడుకలోనికి వచ్చెను. ఆతిథేయ యంత్రమునకు గల మెమరీ 256 కిలోబైట్లు మాత్రమే. దానిపై 14 అతిథి యంత్రములవఱకు ఒకేమారు నడచుచుండెను. ప్రతి అతిథికిని 256 కిలోబైట్లు కలవనియే తోచుచుండెను. అన్నియు కూడినచో 3,584 కిలోబైట్లు! ఉన్నదానికి 14 రెట్లు ఇచ్చినట్లు చూపుట ఎట్లు సాధ్యమయ్యెను? అతిథులన్నియు తమ పుటలన్నిటిని ఒకే క్షణమున తాకవు. తాకిన పుటకు మాత్రము నిజమైన చోటు చూపి, తక్కినవానిని డిస్కుపై దాచియుంచిన చాలును. ఇదియే ఆ విద్యలోని రహస్యము.

నేటి యంత్రములయందు ఈ పని జరుగు తీరును ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును. 16 గిగాబైట్ల మెమరీ గల ఆతిథేయిపై, 4 గిగాబైట్ల అతిథి నొకదానిని నెలకొల్పవలెననుకొందము. ఫాబ్రీస్ బెల్లార్డ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 2003లో వెలువరించిన క్యూఎము అను ఎమ్యులేటరు ఇట్టి పని చేయును. అది మొదట ఆతిథేయిని పాలించు లినక్స్ వంటి నిర్వహణ వ్యవస్థను 4 గిగాబైట్ల చోటు కోరును. 4 గిగాబైట్లనగా 10,48,576 పుటలు. నిర్వహణ వ్యవస్థ సరేయనును. కాని అప్పటికప్పుడు ఒక్క పుటయైనను ఇయ్యదు. ఈ చిరునామానుండి ఈ చిరునామావఱకు ఇతనిది అని తన పద్దులో వ్రాసికొని యూరకుండును.

అతిథి పనిచేయుటకు మొదలిడి ఏదేని ఒక పుటలో వ్రాయబోయినప్పుడు, అచట నిజమైన పుట లేమి బయటపడును. వెంటనే ప్రాసెసరు ఆ పనిని నిలిపి నిర్వహణ వ్యవస్థను పిలుచును. అది ఖాళీగానున్న ఒక పుటను వెదకి, దానిని సున్నలతో నింపి, అతిథికి అప్పగించి, నిలిచిన పనిని తిరిగి సాగించును. అతిథి కీ సంగతియే తెలియదు. సున్నలతో నింపుట వట్టి శుభ్రత కొఱకు కాదు. అంతకుముందు ఆ పుటను వాడినవారి రహస్యపు మాటలో, ధనపు లెక్కలో అందు మిగిలియుండవచ్చును. పలక తుడువక యిచ్చినచో, ఒకరి గుట్టు మఱియొకరి చేతబడును.

చోటు సంపాదించుటతో పని తీరలేదు. నిజమైన కంప్యూటరు మెమరీకి ఒక పటము కలదు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీయందు మొదటి 640 కిలోబైట్లు ప్రోగ్రాములకును, అటుపై ఒక మెగాబైటువఱకు గల భాగము తెరకును, యంత్రమును మేల్కొల్పు ప్రోగ్రామునకును విడువబడెను. ఆ పద్ధతి తరువాతి పీసీలకును సంక్రమించెను. మఱియు 4 గిగాబైట్ల గీతకు దిగువన కొంత భాగమును పరికరములకై వదలుట ఆచారము. అతిథికి అలవాటైన పటమునే చూపవలెను గావున, క్యూఎము ఒక నమూనాలో 3 గిగాబైట్లను క్రిందనుంచి, మిగిలిన ఒక గిగాబైటును ఆ గీతకు పైన అమర్చును. నడుమగల ఖాళీలో మెమరీ లేదు. అతిథి అచట నెట్‌వర్క్ కార్డునకు ఆజ్ఞ వ్రాసినచో, ఎమ్యులేటరు ఆ వ్రాతను పట్టుకొని, తానే ఆ కార్డువలె నటించి బదులిచ్చును.

ఇక చిరునామాల మార్పు మిగిలినది. అతిథిలోని ప్రోగ్రాము ఒక చిరునామా చెప్పును. అతిథి తన పట్టికను జూచి, అది తన మెమరీలో ఫలానా పుటయని తేల్చును. కాని ఆ మెమరీయే కల్పితము. ఆ పుట ఆతిథేయి మెమరీలో ఎచట నున్నదో తెలుపుటకు రెండవ పట్టిక కావలయును. పూర్వము ఈ రెంటిని కలిపి ఒక చాటు పట్టికను ప్రోగ్రాములే సిద్ధపఱచెడివి. అది శ్రమతో కూడిన పని. 2007లో ఏ.ఎం.డి., 2008లో ఇంటెల్ సంస్థల ప్రాసెసర్లు రెండు పట్టికలను తామే చదువ నేర్చినవి. అయినను నాలుగేసి అంతరువుల పట్టికలైనచో, ఒక్క చిరునామా తేల్చుటకు 24 మారులవఱకు మెమరీని చదువవలసి రావచ్చును. అందువలన ఒకమారు తేలిన చిరునామాలను ప్రాసెసరు తనయొద్దనే గుర్తుంచుకొనును.

పెండ్లివారు పిలిచినవారందఱును మొదటి బంతిలోనే కూర్చుండరని యెఱిగి వంట చేయింతురు. అట్లే 16 గిగాబైట్ల ఆతిథేయిపై 4 గిగాబైట్ల అతిథులను ఆఱింటిని ఉంచవచ్చును. అందఱును ఒక్క బంతికే వచ్చినచో చిక్కు వచ్చును. అప్పుడు కొన్ని పుటలను డిస్కునకు తరలింపవలెను. డిస్కు మిక్కిలి నెమ్మదైనది గావున అతిథులన్నియు కుంటుపడును. అదియు చాలనిచో లినక్స్ ఏదేని ఒక ప్రోగ్రామును బలవంతముగా ఆపివేయును. ఒక్కొక్కప్పుడు ఆ ప్రోగ్రాము ఒక అతిథి యంత్రమే కావచ్చును. దానిలో నడచు పనులన్నియు అర్ధాంతరముగా నిలిచిపోవును.

ఈ యాపద తప్పించుటకు రెండు ఉపాయములు పుట్టినవి. మొదటిది బుడగ పద్ధతి. అతిథిలో నొక చిన్న ప్రోగ్రాము బుడగవలె ఉబ్బి, అక్కఱకు రాని పుటలను తాను పట్టి ఆతిథేయికి తిరిగి యిప్పించును. వీఎంవేర్ సంస్థకు చెందిన కార్ల్ వాల్డ్‌స్పర్గర్ దీనిని 2002లో ఒక వ్యాసమున వివరించెను. రెండవది, ఇరువురు అతిథుల పుటలలో ఒకే విషయమున్నచో, ఒక్క ప్రతినే ఇరువురకును చూపుట. ఎవరైనను దానిని మార్చబోయినచో వారికి వేఱు ప్రతి నిత్తురు. లినక్స్‌లో ఈ యేర్పాటు 2009లో చేరెను. కాని వేఱు ప్రతి చేయుటకు కొంత కాలము పట్టును. ఆ స్వల్పమైన జాప్యమును కొలిచి, పొరుగువాని పుటలో నేమున్నదో ఊహింపవచ్చునని పరిశోధకులు కనిపెట్టిరి. అందుచేత 2014లో వీఎంవేర్ సంస్థ, వేర్వేఱు అతిథుల నడుమ ఈ పొత్తును, కోరినవారికి తప్ప, నిలిపివేయుటకు నిశ్చయించెను. పొదుపు మంచిదే, కాని అది ఇరుగుపొరుగుల గుట్టు బయటపెట్టునంతటి పొదుపు కారాదని దీనివలన తేలినది.

నేడు వర్తకుల లెక్కలును, రోగుల వివరములును, విద్యార్థుల పరీక్షా ఫలితములును ఇట్టి యంత్రములందు భద్రపఱుపబడుచున్నవి. ఒకే ఇనుప పెట్టెలో పలువురి సొత్తు పక్కపక్కనే యున్నను, ఒకరిది మఱియొకరికి కనబడదు. వానినడుమ ఇటుక గోడలు లేవు, తాళములు లేవు. ఉన్నది పుటల పట్టిక యొక్కటే. ఆ పట్టికలో ఒక్క సంఖ్య తప్పినను, ఒకరి యింటి తలుపు మఱియొకరి గదిలోనికి తెఱచుకొనును. ఇందఱి నమ్మకమును నిలుపుచున్నది ఆ పద్దును తప్పులేకుండ వ్రాయు జాగరూకతయే.