విజిట్ వీసా మీద గల్ఫ్ పంపిస్తామంటున్నారా?

రాజోలు, అమలాపురం, నరసాపురం చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లున్నారు. వాళ్ల డబ్బుతో అప్పులు తీరాయి, పిల్లల పెళ్లిళ్లయ్యాయి. అందుకే ఏజెంటు వచ్చి "ముందు విజిట్ వీసా మీద వెళ్లమ్మా, అక్కడ మార్పిస్తాం" అంటే నమ్మబుద్ధవుతుంది.

చిక్కంతా అక్కడే ఉంది. విజిట్ వీసా చుట్టపుచూపుకీ, ఊళ్లు చూసి రావడానికీ ఇచ్చేది. దాని మీద పనిచేస్తే అక్కడి చట్టం దృష్టిలో తప్పు మీదే అవుతుంది. జీతం ఎగ్గొట్టినా, చెయ్యి చేసుకున్నా ఫిర్యాదు చెయ్యడానికి భయం. గడువు దాటితే జరిమానా, ఒక్కోసారి జైలు!

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి:

* 'ఈసీఆర్' పాస్‌పోర్టు ఉన్న స్త్రీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. వీళ్లను పంపే అధికారం ప్రైవేటు ఏజెంట్లకు లేదు. ప్రభుత్వ సంస్థ 'ఓంక్యాప్'లో అడగండి.

* ప్రవాసీ భారతీయ బీమా తీసుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి.

* పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు ఒక జత ఇంట్లో ఉంచండి. మన ఎంబసీ నంబరు, ఇంటి నంబరు కంఠతా పట్టండి. ఫోను లాక్కున్నా అవి మీతోనే ఉంటాయి.

* కువైట్‌లో 2015 చట్టం ప్రకారం పనిమనిషికి వారానికో రోజు సెలవివ్వాలి. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు.

ఇంటి దగ్గరుండే వాళ్లకో మాట. అమ్మాయి ఫోను ఆగిపోతే ఏజెంటు చుట్టూ తిరుగుతూ కూర్చోకండి. విదేశాంగ శాఖ 'మదద్' వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టించండి. ఆ జిరాక్సులు అప్పుడే అక్కరకొస్తాయి.