అమెరికా ప్రజాప్రభుత్వము - వ్రాసిన మాట ఋణము

1776వ సంవత్సరము జూలై 4వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున పదుమూడు అమెరికా వలసరాజ్యముల ప్రతినిధులు ఆంగ్లప్రభుత్వముతో తమకిక సంబంధము లేదని ప్రకటనపత్రము నంగీకరించిరి. అందు మూడు సిద్ధాంతములు ముఖ్యములు. మానవులెల్లరు సమానులు, ప్రాణము, స్వేచ్ఛ, సుఖాన్వేషణము వారి జన్మహక్కులు, ప్రజలు సమ్మతించినగాని ప్రభుత్వమునకు న్యాయమైన యధికారము లేదు.

1787లో రచించిన రాజ్యాంగము, అధికారమంతయు నొక్కరిచేత నుండరాదని, దానిని శాసనసభకును అధ్యక్షునకును న్యాయస్థానమునకును పంచిపెట్టెను. 1791లో వాక్స్వాతంత్ర్యము, మతస్వాతంత్ర్యము మున్నగు హక్కులు దానికి చేర్పబడెను.

అయితే, సమత్వమును చాటిన యా ప్రకటనను రచించిన జెఫర్సను వందలకొలది బానిసలకు యజమాని! చెప్పునది యొకటి, చేయునది యొకటి యని మీరు నవ్వవచ్చును. ఆ నవ్వు న్యాయమే. కాని తండ్రితాతల ఋణమును పుత్రపౌత్రులు తీర్పవలెనని మన యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నదిగదా! ఆ పత్రమును అట్టి ఋణమే యయ్యెను. తరతరములవారు దానిని చూపి తమ బాకీ యడిగిరి. యుద్ధమున లక్షలమంది మడిసిన పిమ్మట 1865లో బానిసత్వము రద్దయ్యెను. స్త్రీయని యోటు నిరాకరింపరాదని 1920లో రాజ్యాంగము సవరింపబడెను. 1963లో మార్టిన్ లూథర్ కింగు ఆ ప్రకటనను చెల్లింపని ప్రామిసరీ నోటుతో పోల్చెను. 1965లో నల్లవారి యోటుహక్కునకు రక్షణగా శాసనము వెలసెను.

ఆదర్శమును వ్రాయుట సులభము. వ్రాసినదానిని ధైర్యముతో నడుగువారును, అడిగినప్పుడు తలయొగ్గు ప్రభుత్వమును ఉన్ననాడే ప్రజాప్రభుత్వము సార్థకము.